గాయపరచిన సంఘం, మూగబోయిన ప్రార్థన: క్రైస్తవ పుస్తకాలు చూపే దారి

సంఘంలో మనసు విరిగినవారి కోసం రాసిన క్రైస్తవ పుస్తకాలు ఒక రకం, ప్రార్థనలో ఎదగడం గురించి రాసినవి మరో రకం. మొదటి రకాన్ని ఎక్కువగా మనస్తత్వ నిపుణులు, కౌన్సెలర్లు రాస్తారు. అధికారం ఎలా పాడవుతుందో, నమ్మి మోసపోయిన మనిషి మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏం కావాలో వాటిలో వివరంగా ఉంటుంది గాని, ప్రార్థన సంగతి చాలావాటిలో చివరి అధ్యాయానికి మిగిలిపోతుంది. రెండో రకాన్ని బోధకులు, సన్యాసులు, ప్రార్థనాపరులుగా పేరుపడ్డవారు రాస్తారు. చదివేవారు సంఘంలో క్షేమంగానే ఉన్నారని, లోపమల్లా వారి శ్రద్ధలోనే ఉందని అనుకుని అవి మొదలవుతాయి. సంఘంలో దెబ్బతిన్న విశ్వాసికి మాత్రం ఈ రెండూ ఒకే సమస్య. ప్రార్థించడం నేర్పింది ఆ సంఘమే, ప్రార్థనలో వాడే మాటలు వచ్చింది ఆ పాస్టరు గారి నోటి నుంచే, మోకాళ్లూనడం అలవాటైంది ఆ మందిరంలోనే. అందుచేత సంఘం మీద నమ్మకం పోయిననాడు ప్రార్థన కూడా దానితోపాటే దెబ్బతింటుంది. ఈ ముడిని గుర్తించిన పుస్తకాలే గాయపడినవారికి నిజంగా పనికొస్తాయి. అలాంటివి కొన్నే ఉన్నాయి, వాటిలో మేలైనవి కొన్ని చాలా పాతవి.

సంఘంలో జరిగే ఆత్మీయ హింస గురించి నేరుగా మాట్లాడే ఆధునిక పుస్తకాలు అమెరికాలో 1990ల మొదట్లో పాఠకుల దృష్టికి వచ్చాయి. పాస్టరు డేవిడ్ జాన్సన్, కౌన్సెలర్ జెఫ్ వాన్‌వాండరెన్ కలిసి రాసిన 'ద సటిల్ పవర్ ఆఫ్ స్పిరిచ్యువల్ అబ్యూస్' 1991లోనూ, సామాజిక శాస్త్రవేత్త రోనాల్డ్ ఎన్‌రాత్ రాసిన 'చర్చెస్ దట్ అబ్యూస్' 1992లోనూ వచ్చాయి. వీటిలో మొదటి పుస్తకం ఎత్తి చూపిన ఒక సంగతి ఈనాటికీ అక్షరాలా వర్తిస్తుంది. చెడిపోయిన సంఘాల్లో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు ఒకటి నడుస్తుంది: సమస్య గురించి నోరు విప్పినవారే సమస్య అవుతారు. లెక్కలు అడిగినవాడు తిరుగుబాటుదారుడు, జరిగింది చెప్పిన అమ్మాయి సంఘం పరువు తీసింది. తప్పు చేసినవారి గురించిన చర్చ అక్కడితో ఆగిపోయి, ఆ తప్పును బయటపెట్టినవారి ఆత్మీయ స్థితి గురించిన చర్చ మొదలవుతుంది.

షికాగో దగ్గరి విల్లో క్రీక్ సంఘంలో జరిగిందీ ఇదే. స్థాపక పాస్టరు బిల్ హైబెల్స్ మీద స్త్రీలు చేసిన లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు 2018లో బయటికొచ్చినప్పుడు, సంఘ నాయకత్వం మొదట ఆ స్త్రీల మాటనే శంకించింది. ఆయన ఆరోపణలను కొట్టిపారేసినా ఏప్రిల్‌లో పదవి వదులుకున్నారు. ఆగస్టులో పెద్దల మండలి మొత్తం రాజీనామా చేసింది. మరుసటి ఏడు స్వతంత్ర సలహా బృందం ఆ ఆరోపణలు నమ్మదగినవేనని తేల్చింది. కొత్త నిబంధన పండితుడు స్కాట్ మెక్‌నైట్, ఆయన కుమార్తె లారా బారింజర్ 2020లో తెచ్చిన 'ఎ చర్చ్ కాల్డ్ టోవ్' ఈ అనుభవం నుంచి పుట్టిన పుస్తకం. సంఘం తన పేరు కాపాడుకోవడానికి ఎలాంటి కట్టుకథలు అల్లుతుందో అది ఒక్కొక్కటిగా విప్పి చూపిస్తుంది. అదే ఏడు మనస్తత్వ నిపుణురాలు డయాన్ లాంగ్‌బర్గ్ రాసిన 'రిడీమింగ్ పవర్' వచ్చింది. దేవుని పేరు మీద నడిచే వ్యవస్థను కాపాడటమూ, దేవుణ్ణి ఘనపరచడమూ ఒకటేననుకోవడం ఎంత ప్రమాదమో ఆమె ఎంతో అనుభవంతో, ఎక్కడా గొంతు పెంచకుండా చెబుతారు.

ఈ పుస్తకాలు తెలుగు విశ్వాసికి సగం దూరమే తోడొస్తాయి. ఇక్కడి గాయాల్లో అక్కడివాటిని పోలినవీ ఉన్నాయి, ఈ నేలకే చెందినవీ ఉన్నాయి. అయ్యగారిని ప్రశ్నించిన కుటుంబాన్ని ప్రభువు బల్లకు రానివ్వకపోవడం, దశమభాగం తగ్గితే దాన్ని విశ్వాసం తగ్గడంగా లెక్కగట్టడం, పేరు చెప్పకుండానే అందరికీ అర్థమయ్యేలా ప్రసంగంలో ఒకరిని ఎత్తిపొడవడం, వేరే సంఘంలో పిల్లనిచ్చినందుకు పెళ్లికి రాకపోవడం ఇక్కడివారికి తెలియనివేమీ కావు. ఇవి తట్టుకోలేక దూరమైనవారికి పడే పేరు ఒక్కటే: 'వెనక్కి జారిపోయారు'. వీటన్నిటికన్నా లోతైనది కులం చేసిన గాయం. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించినప్పుడు, సంఘం లోపల కూడా అంటరానితనం కొనసాగుతోందని ఒప్పుకుంది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యేవరకు దళితుల నుంచి ఒక్క కార్డినల్ కూడా లేరు. ప్రొటెస్టెంటు సంఘాల్లోనూ ఏ పేట వారి ఆలయం ఆ పేటదే అన్న పరిస్థితి ఎన్నో ఊళ్లలో ఉంది. క్రీస్తులో అందరూ ఒకటేనని బోధించిన చోటే తన కులాన్ని గుర్తుచేసినప్పుడు కలిగే నొప్పి గురించి అమెరికన్ పుస్తకాల్లో అధ్యాయం ఉండదు. వాటిని అలాగే తెలుగులోకి దించితే సరిపోదు.

సంఘం చేసిన గాయం ప్రార్థనను ఎలా తాకుతుందో తెలియాలంటే గృహ ప్రార్థన కూటంలో జరిగే ఒక మామూలు సంగతిని దగ్గరగా చూడాలి. ఒక ఇల్లాలు కన్నీళ్లతో తన ఇంటి సంగతి ప్రార్థన విన్నపంగా చెప్పుకుంటుంది. చుట్టూ ఉన్నవారు చేతులు పట్టుకుని ప్రార్థిస్తారు. నాలుగు రోజులు తిరగకుండానే ఆ సంగతి వీధిలో వినబడుతుంది, ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా వస్తుంది. ఆ తరువాత కూడా ఆమె కూటానికి వస్తుంది, తన వంతు వచ్చినప్పుడు ప్రార్థిస్తుంది. అయితే ఆ ప్రార్థనలో స్తోత్రాలు, కంఠతా వచ్చిన వచనాలు, అందరి క్షేమం కోసం విన్నపాలు తప్ప ఆమె సొంత మాట ఒక్కటీ ఉండదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎవరో వింటున్నారన్న భయం ఆమెను వదలదు. బయటివారికి ఆమె ప్రార్థనా జీవితం మునుపటిలాగే కనిపిస్తుంది. ఇంకా ఎక్కువ ప్రార్థించమని, ఇంకా తెల్లవారుజామునే లేవమని, ఇంకో పూట ఉపవాసం ఉండమని చెప్పే పుస్తకాన్ని ఈ మనిషి చేతికిస్తే, ఆమె మౌనానికి అపరాధ భావం కూడా తోడవుతుంది.

ప్రార్థనే ఆయుధమైన సందర్భాలూ ఉన్నాయి. మానసిక వైకల్యం ఉన్నవారితో కలిసి జీవించే లార్ష్ సమాజాలను స్థాపించిన జాన్ వానియే ఆత్మీయ రచయితగా ప్రపంచమంతటా మన్నన పొందారు. 2019లో ఆయన చనిపోయాక, 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థే విచారణ ఫలితాలు ప్రకటించింది: తన దగ్గరికి ఆత్మీయ మార్గదర్శనం కోసం వచ్చిన స్త్రీలను ఆయన లైంగికంగా వాడుకున్నారు, ఆ పనికి ప్రార్థనానుభవపు భాషనే ముసుగుగా కప్పారు. 2023లో వెలువడిన విస్తృత నివేదిక అలాంటి స్త్రీలు కనీసం 25 మంది ఉన్నారని తేల్చింది. ఇలా మోసపోయినవారికి 'సన్నిధి', 'సమర్పణ', 'ఏకాంతం' అనే మాటలు వింటేనే ఒళ్లు గగుర్పొడవడంలో ఆశ్చర్యం లేదు. వారు ప్రార్థనకు దూరంగా ఉండటం తమను తాము కాపాడుకోవడమేనని, దాన్ని అవిశ్వాసం కింద జమకట్టకూడదని చెప్పగలిగిన పుస్తకమే వారి దగ్గరికి చేరగలదు.

సంఘం చేసిన గాయాన్నీ, లోతైన ప్రార్థననూ ఒకే జీవితంలో చూపించిన సాక్షి పదహారవ శతాబ్దపు స్పెయిన్‌లో ఉన్నాడు. పునీత సిలువ యోహాను 1542లో ఫొంతివెరోస్ అనే ఊళ్లో పేద ఇంట పుట్టి, కార్మెల్ అనే కతోలిక సన్యాసుల సభలో చేరి, దాన్ని తొలినాటి నియమ నిష్ఠకు మళ్లించాలని సన్యాసిని అవిలా తెరేసా మొదలుపెట్టిన సంస్కరణలో ఆమెకు తోడు నిలిచాడు. సంస్కరణ నచ్చని సొంత సభ సన్యాసులే 1577 డిసెంబరు 2 రాత్రి అవిలాలో ఆయనను పట్టుకుని తొలేదో మఠానికి తీసుకుపోయారు. ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న గదిలో దాదాపు తొమ్మిది నెలలు బంధించారు. గోడకు చాలా ఎత్తున ఉన్న సన్నని సందు నుంచి కాసేపు వచ్చే వెలుతురులో, బల్ల మీద నిలబడి ఆయన ప్రార్థన గ్రంథం చదువుకునేవాడు. భోజనశాలకు రప్పించి, సన్యాసులు చుట్టూ తిరుగుతూ వీపు మీద కొట్టేవారు. ఇదంతా సభా క్రమశిక్షణ పేరుతో, విధేయత పేరుతో జరిగింది. రెండు రోజుల్లోనే తెరేసా స్పెయిన్ రాజు రెండో ఫిలిప్‌కు ఉత్తరం రాసింది గాని, విడుదల మాత్రం రాలేదు.

ఆ గదిలో ఆయన పద్యాలు కట్టాడు. మొదట మనసులోనే నిలుపుకున్నాడు. తరువాత వచ్చిన కాపలాదారు దయతలచి కాగితం, సిరా ఇస్తే రాసుకున్నాడు. కనిపించకుండా పోయిన ప్రియుణ్ణి 'ఎక్కడ దాక్కున్నావు' అని అడుగుతూ మొదలయ్యే 'ఆత్మ గీతం'లో ఎక్కువ భాగం అక్కడే పుట్టింది. ఆత్మకు కమ్ముకునే చీకటి రాత్రి గురించి ఆయన రాసిన పద్యం బయటపడ్డాక వచ్చింది, దాని వ్యాఖ్యానం మరికొన్నేళ్లకు. ఆ వ్యాఖ్యానం చెప్పేది ఇది: ప్రార్థనలో ఉండే తీపి, ఉత్సాహం, దేవుడు దగ్గరగా ఉన్నాడన్న అనుభూతి ఆగిపోవడం ప్రార్థన చచ్చిపోయిందనడానికి గుర్తు కానక్కరలేదు. అనుభూతుల మీద ఆనుకున్న ప్రేమ, ఆ ఆధారం పోయాక దేవుని మీదే ఆనుకోవడం నేర్చుకునే కాలం అది కావచ్చు. అప్పుడు మాటలు కూడబెట్టుకోవలసిన పని లేదు, ఊరికే ప్రేమతో ఆయన వైపు మనసు నిలిపి ఉండటం చాలు. ప్రార్థన గొంతు ఎండిపోయిన మనిషికి ఇంత ఊరటనిచ్చే బోధ క్రైస్తవ సాహిత్యంలో అరుదు.

అయితే ఈ బోధ చేతులు మారే కొద్దీ ఒక అపాయం కూడా వచ్చి చేరింది. దేవుడు మౌనంగా ఉన్నట్టు తోచడం వేరు, మనుషులు క్రూరంగా ప్రవర్తించడం వేరు. సంఘం పెట్టిన హింసను 'దేవుడు నిన్ను చీకటి రాత్రి గుండా నడిపిస్తున్నాడు' అని సర్దిచెప్పేవారు ఈ రెండింటినీ కలిపేస్తున్నారు. యోహాను జీవితమే వారికి జవాబు. తొలేదో గది దేవుని చిత్తమని ఆయన అందులోనే కూర్చోలేదు. 1578 ఆగస్టులో తలుపు గడియ మరలు వదులు చేసి, దుప్పటి చీల్చి తాడు పేని, రాత్రివేళ కిటికీలోంచి దిగి తప్పించుకున్నాడు, నగరంలోని సంస్కరణ సన్యాసినుల మఠంలో తలదాచుకున్నాడు. చీకటిలో దేవుణ్ణి వెదికినవాడే తలుపు కూడా వెదికాడు. వేధించే సంఘాన్ని విడిచి వెళ్లిన విశ్వాసిని సిలువ మోయలేనివాడని నిందించేవారు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఆయన కథలో జీవితచరిత్రకారులు తప్ప ఎక్కువమంది చెప్పని రెండో భాగం ఒకటుంది. 1591లో ఆయన తానే కట్టిన సంస్కరణ శాఖలోని నాయకత్వంతో విభేదించినందుకు పదవులన్నీ పోగొట్టుకున్నాడు. ఆయనను సభ నుంచే వెళ్లగొట్టడానికి సాక్ష్యాలు పోగుచేసే పని మొదలైంది. ఆ విచారణకు భయపడి కొందరు సన్యాసినులు ఆయన ఉత్తరాలు కాల్చేశారు. ఆ వేసవిలోనే ఆయన ఒక సన్యాసినికి రాస్తూ, ప్రేమ లేని చోట ప్రేమను ఉంచితే ప్రేమ దొరుకుతుందన్నాడు. డిసెంబరు 14న ఉబేదా మఠంలో చనిపోయాడు. పాడైన సంఘం విడిచి శుద్ధమైన సంఘంలో చేరితే ఇక గాయం ఉండదని ఆశించేవారికి ఇది చేదు సత్యమే. తెలుగు నాట ఒక సంఘం చీలి రెండు, రెండు చీలి నాలుగు కావడం చూసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించకపోవచ్చు. ప్రతి చీలికా స్వచ్ఛమైన ఆరంభమనే చెప్పుకుంటుంది.

జర్మన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్ 'లైఫ్ టుగెదర్'లో తేల్చుకోవాలని చూసినది ఈ ప్రశ్ననే: మచ్చలేని సంఘం అనేది ఉంటుందా? ఆయన నడిపిన ఫింకెన్‌వాల్డే సెమినరీని 1937లో నాజీల రహస్య పోలీసు గెస్టపో మూసేసింది, ఆ సహజీవన అనుభవమే 1939లో పుస్తకమైంది. సంఘం గురించి మనం కనే కల మీద మనకు ప్రేమ ఎక్కువైతే ఎదుట ఉన్న నిజమైన మనుషులను ఆ కల పేరిట నాశనం చేస్తామని, ఆ భ్రమ ఎంత త్వరగా తొలగితే అంత మంచిదని ఆయన వాదం. దీన్ని గాయపడినవారి మీద ప్రయోగించడం సులువు: 'ఏ సంఘం పరిపూర్ణం కాదు, సర్దుకుపో' అన్నంత సులువు. బాన్‌హోఫర్ మాత్రం యూదు మూలాలున్న క్రైస్తవులను వెలివేసిన సంఘంతో సర్దుకోలేదు, బహిరంగంగా ఎదిరించాడు, 1945 ఏప్రిల్ 9న నాజీల చేతిలో ఉరికంబమెక్కాడు. సోదరుల చిన్నచిన్న లోపాలను ఓర్చుకోవడం గురించి ఆయన రాసిన మాటలు సంఘం చేసే అన్యాయాన్ని ఓర్చుకోవడానికి ఉపదేశం కావు. అదే పుస్తకంలోనూ, 1940లో వచ్చిన చిన్న గ్రంథంలోనూ ఆయన కీర్తనలను ప్రార్థనా పాఠశాలగా చూపించాడు. మనకు తోచిన మాటలే ప్రార్థన అనుకోవద్దని, దేవుడే ఇచ్చిన మాటలతో, మన మనస్థితికి అవి సరిపడనప్పుడు కూడా, ప్రార్థించమని చెప్పాడు.

కీర్తనల దగ్గరికి వస్తే గాయమూ ప్రార్థనా నిజంగానే ఒకటవుతాయి. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలు, ఫిర్యాదులు. అమెరికన్ పండితుడు వాల్టర్ బ్రూగెమన్ 1984లో 'ద మెసేజ్ ఆఫ్ ద సామ్స్'లో వీటిని మూడు దశలుగా చదవమన్నారు: అంతా సవ్యంగా ఉన్నప్పటి పాటలు, అంతా కూలిపోయినప్పటి పాటలు, ఊహించని కొత్త స్థితిలో పాడే పాటలు. మధ్య దశను దాటవేసే ఆరాధనలో అన్యాయం గురించిన ప్రశ్నకే చోటు లేకుండా పోతుందని ఆయన మరోచోట హెచ్చరించారు. తెలుగు సంఘాల ఆరాధనను ఈ కొలతతో చూస్తే లోటు వెంటనే తెలుస్తుంది. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో విలాపవాక్యములు మూడో అధ్యాయంలోని ప్రతి ఉదయం కొత్తదయ్యే వాత్సల్యం గురించిన వచనం తరచు కనిపిస్తుంది. దానికి ముందూ వెనుకా ఉన్న ఏడుపు కార్డు మీదికి ఎక్కదు, ఆ గ్రంథం ఊరట దొరకకుండానే ముగుస్తుందన్న సంగతి చాలామంది విశ్వాసులకు తెలియనే తెలియదు.

55వ కీర్తన సంఘంలో మోసపోయినవారి కోసమే రాసినట్టుంటుంది. దూషించినవాడు శత్రువైతే సహించవచ్చు, దాక్కోవచ్చు. కాని ఇతడు 'నా సహకారివి, నా చెలికాడవు' అని పిలవదగినవాడు, సమూహంతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడు. ఆ నడకే నొప్పిని రెట్టింపు చేస్తోందని కీర్తనకారుడు దాచుకోకుండా చెబుతాడు. రెక్కలుంటే ఎగిరిపోయి ఎడారిలో ఉండేవాడినంటాడు, పగవాడికి కీడు కోరుతాడు, ఇదంతా దేవుని ముందే అంటాడు. 88వ కీర్తన ఇంకా కఠినమైనది. ఓదార్పు లేకుండానే, 'చీకటియే నాకు బంధువర్గమాయెను' అనే మాటతో ఆగిపోతుంది. ఇలాంటి ప్రార్థనకు లేఖనంలోనే చోటు దొరికిందంటే, చివరలో 'అయినను స్తోత్రం' అని చేర్చలేని ప్రార్థన కూడా ప్రార్థనేనని అర్థం. హన్నా కథ దీనికి తోడు. మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తున్న ఆమెను యాజకుడు ఏలీ తాగి ఉన్నదనుకుని మందలించాడు. ఆమె మౌనంగా తలవంచి వెళ్లిపోలేదు, తాగలేదని, ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని ఎదుట నిలబడి చెప్పింది. దేవుడు విన్నది ఆమె మొరనే. ఏలీ కూడా తన మాట మార్చుకుని ఆశీర్వదించాడని చెప్పడం న్యాయం. తప్పు తెలిసినప్పుడు దిద్దుకున్న యాజకుడి ఉదాహరణగా దాన్ని బోధించేవారు తక్కువ.

మందిరం గడప బయట నిలిచిన మొర తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువా 1941లో తెచ్చిన 'గబ్బిలం'లో గుడిలో అడుగుపెట్టనివ్వని అభాగ్యుడు, ఆ గుడిలోనే తలకిందులుగా వేలాడే గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పి పంపుతాడు. పూజారుల మీద నమ్మకం పోయినా, దేవుడు వింటాడన్న నమ్మకం మాత్రం ఆ గొంతులో ఉంది. తెలుగు క్రైస్తవులు మొర అంటే ఏమిటో తమ భాషలోనే నేర్చుకోవాలనుకుంటే ఈ కావ్యాన్ని కీర్తనల పక్కన పెట్టుకుని చదవవచ్చు. ప్రార్థన గురించిన పుస్తకాల్లో దీని ప్రస్తావన ఉండకపోవడం విచారించవలసిన విషయం.

మేలు చేయాలని రాసినా, చేతులు మారి కీడు చేసే పుస్తకాల గురించి కూడా చెప్పుకోవాలి. జీన్ ఎడ్వర్డ్స్ 1980లో తెచ్చిన 'ఎ టేల్ ఆఫ్ త్రీ కింగ్స్' సౌలు, దావీదు, అబ్షాలోముల కథను నాటకంలా చెబుతుంది. తన మీదికి సౌలు రాజు విసిరిన ఈటెను దావీదు తిరిగి విసరలేదన్నది దాని సారం. పగతో కాలిపోతున్న మనసుకు అది మంచి మందు. అయితే ఆ పుస్తకాన్ని ఈటె విసిరిన నాయకుడే బహుమతిగా ఇచ్చినప్పుడు దాని అర్థం తలకిందులవుతుంది. దావీదు ఈటెల గదిలో కూర్చోలేదు, పారిపోయాడు. సౌలు వస్త్రపు చెంగు కోసి, మూడు వేలమందితో వచ్చిన రాజు ఎదుట, యెహోవా మన ఇద్దరి మధ్య న్యాయం తీర్చాలని బిగ్గరగా అడిగాడు. 'నేనభిషేకించినవారిని ముట్టకూడదు' అనే 105వ కీర్తన వచనానికీ ఇదే గతి పట్టింది. అక్కడ అభిషిక్తులంటే కొద్దిమందిగా, పరదేశులుగా తిరుగుతున్న పితరులు. మందలింపు అందుకున్నవారు రాజులు. బలహీనులను కాపాడటానికి బలవంతులతో చెప్పిన మాటను, బలవంతుణ్ణి కాపాడటానికి బలహీనులతో చెప్పడం లేఖనాన్ని వంచడమే.

తెలుగు ఇళ్లలో ఎంతోమందిని ఓదార్చిన 'ఎడారిలో సెలయేర్లు' విషయంలో వేరే జాగ్రత్త కావాలి. మూలాన్ని అమెరికన్ మిషనరీ లెటీ కౌమన్ 1925లో ప్రచురించారు. భర్త ఛార్లెస్ దీర్ఘకాలం జబ్బుపడి 1924లో చనిపోయారు, ఆ ఏళ్ల వేదనలోంచి ఆ దినధ్యానాలు వచ్చాయి. రోగం, ఎడబాటు, ఎదురుచూపు గురించి అవి చెప్పేది నిజం. కాని దేవుడే మనలను శుద్ధి చేయడానికి శ్రమలు పంపుతాడనే ఆ స్వరాన్ని, మనిషి తెలిసి చేసిన ద్రోహానికి అన్వయిస్తే, నేరం చేసినవాడు పక్కకు తప్పుకుని దేవుడు ముద్దాయి అవుతాడు. క్షమాపణ మీది పుస్తకాల్లో చాలావాటికీ ఇదే లోపం. క్షమించడం, తిరిగి నమ్మడం, మునుపటి బంధంలోకి రావడం మూడు వేర్వేరు సంగతులని అవి విడదీయవు. మొదటిది గాయపడినవారు దేవుని ముందు తమ సమయంలో చేసేది, రెండోది ఎదుటివారు మారినట్టు చూపాకే సాధ్యం, మూడోది ఎప్పటికీ జరగకపోయినా పాపం కాదు.

ఇక ప్రార్థన మళ్లీ మొదలయ్యే చోటు. అప్పటికప్పుడు సొంత మాటలతో చేసే ప్రార్థనే నిజమైన ప్రార్థనని, పుస్తకం చూసి చదివేది ఆచారమని స్వతంత్ర సంఘాల్లో పెరిగినవారు నమ్ముతారు. కూటాల్లో తమ ప్రార్థన పొడవు, గొంతు, కన్నీళ్లు లెక్కకు వచ్చిన చోట దెబ్బతిన్నవారికి మాత్రం ముందే రాసి ఉన్న ప్రార్థన పెద్ద ఊరట. దాన్ని ఎవరూ తూచరు. ఆంగ్లికన్ పాస్టరు టిష్ హారిసన్ వారెన్ 2017లో తండ్రి మరణం, గర్భస్రావాలు వరుసగా వచ్చినప్పుడు సొంత మాటలు దొరక్క, పడుకునే ముందు చదివే పాత రాత్రి ప్రార్థనను పట్టుకున్నారు. రాత్రంతా పనిచేసేవారిని, మేలుకుని ఉన్నవారిని, ఏడ్చేవారిని కాపాడమని అడిగే ఆ ప్రార్థన వాక్యాలే 2021లో 'ప్రేయర్ ఇన్ ద నైట్' అనే పుస్తకానికి అధ్యాయాలయ్యాయి. దక్షిణ ఇండియా సంఘం, లూథరన్ సంఘాల ఆరాధన క్రమాల్లోనూ ఇలాంటి ప్రార్థనలు తెలుగులో ఉన్నాయి, ఇంట్లో ఒంటరిగా చదువుకోవచ్చు. పారిస్ మఠంలో వంటపనిలో ఏళ్లు గడిపి 1691లో చనిపోయిన సోదరుడు లారెన్స్ మాటల సంకలనం, గిన్నెల మధ్య కూడా దేవునితో ఒక్క మాట చాలని నేర్పుతుంది. రాత్రి ప్రార్థనలు, నలభై రోజుల ఉపవాసాలతోనే లోతును కొలిచే చోట ఆ చిన్న మాటకు విలువ కట్టడం కష్టం. ఒక్క మాట కూడా రానప్పుడు ఏం చేయాలో రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చెప్పింది: ఉచ్చరింప శక్యం కాని మూలుగులతో ఆత్మే విజ్ఞాపన చేస్తాడు.

ఈ పుస్తకాలను ఏ వరుసలో చదవాలన్నదీ ముఖ్యమే. దెబ్బ తాజాగా ఉన్నప్పుడు జరిగినదానికి పేరు పెట్టే పుస్తకం ముందు, మొరల కీర్తనలు దానితోపాటు, క్షమాపణ గురించి చాలా తరువాత. చీకటి రాత్రి గురించిన సిలువ యోహాను వ్యాఖ్యానం తొలి నెలల్లో చదవవలసినది కాదు, ఆయన కూడా దాన్ని గది బయటికి వచ్చిన ఎన్నో ఏళ్లకు గాని రాయలేదు. నిద్ర పట్టకపోవడం, ఆదివారం గంట వినగానే గుండె దడ పుట్టడం వంటివి వదలకపోతే పుస్తకంతో పాటు వైద్య సహాయం కావాలి, దాన్ని విశ్వాసలోపమని ఎవరూ అనకూడదు. జరిగింది నేరమైతే ప్రార్థన ఫిర్యాదుకు బదులు కాదు. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, పాస్టరు గారికీ సంఘ పెద్దలకూ దాని నుంచి మినహాయింపు లేదు. తప్పు చేసిన సోదరుణ్ణి ముందు ఒంటరిగా కలిసి మాట్లాడమన్న మత్తయి 18వ అధ్యాయాన్ని ఇలాంటి నేరాలకు అడ్డుపెట్టడం చట్టాన్నే కాదు, అదే అధ్యాయం మొదట్లో చిన్నపిల్లలను అభ్యంతరపరచేవారి మీద యేసు చేసిన హెచ్చరికను కూడా తుడిచేయడం.

ఈ పుస్తకాలను ఇప్పటివరకు ఎక్కువగా చదువుతున్నది గాయపడినవారు. చదవవలసిన అవసరం మరింత ఉన్నది సంఘ పెద్దలకు. యెహెజ్కేలు 34వ అధ్యాయం మందను మేపకుండా తామే మేసిన కాపరులను నిలదీస్తుంది, చెదిరిన గొర్రెలను తప్పుపట్టదు. ఒక సంఘ కమిటీ లాంగ్‌బర్గ్ పుస్తకమో, మెక్‌నైట్ పుస్తకమో నెలకొక అధ్యాయం చొప్పున కలిసి చదివి, ఆ తరువాత మన కానుకల లెక్కలు ఎవరు తనిఖీ చేస్తున్నారు, అయ్యగారి మీద ఫిర్యాదు వస్తే వినడానికి ఆయన బంధువులు కాని వారు ఎవరున్నారు, ప్రార్థన విన్నపంలో చెప్పిన రహస్యం వేదిక ఎక్కకుండా ఏం నియమం ఉంది, ఏ పేట వారికి పెద్దల వరుసలో చోటు లేదు అనే ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. విడిచి వెళ్లిన కుటుంబాల ఇళ్లకు మళ్లీ రమ్మని పిలవడానికి వెళ్లడం ఆ తరువాతి పని. ముందు వెళ్లవలసింది జరిగింది వినడానికి.